మొదటి గింజ

శ్రీలత బొట్టుపెట్టె పట్టుకొని వాకిట్లోకి రావడం చూసి మైసమ్మ నుదుటి చెమట కొంగుతో తుడుచుకొని గడపలో నిలబడింది. నుదురు తడిగా ఉంటే కుంకుమ కారుతుంది. ఇన్నేళ్లుగా బొట్టు పెట్టించుకుంటున్న మనిషికి ఆ మాత్రం తెలియదా! శ్రీలత దగ్గరికొచ్చి "మంచిగున్నవా అక్కా?" అంది. జవాబు కోసమైనా ఆగలేదు. అదే వాకిట్లో ఉన్న రెండో గడప ముందు నిలబడి "రాజీ! ఓ రాజీ! జర బయటికి రా, బొట్టు పెట్టాలె" అని పిలిచింది.

మైసమ్మ ఎక్కడిదక్కడే ఉండిపోయింది. లోపలికి పోతే ఓర్వలేక పోయిందంటారు. నిలబడితే కళ్లారా చూడాలి. చూసింది. రాజీ తడి చేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది, ఎందుకో అర్థం కాక మొదట నవ్వింది, అర్థమయ్యాక మైసమ్మ వైపు చూసి నవ్వు ఆపేసింది. ఆ ఆపడానికే మైసమ్మకు ఎక్కువ మండింది. నవ్వితే నవ్వరాదూ, జాలి ఎందుకు?

రాజీ ఆమెకు యారాలు, మరిది ఎల్లేశ్ భార్య. మహబూబాబాద్ దిక్కు మిరప చేన్ల నడుమ పెరిగిన పిల్ల. మాట ముందు, మనిషి వెనుక. కోడలై వచ్చి నాలుగు పండుగలు చూసిందో లేదో ఊరంతా "రాజీ, రాజీ" అంటుంది.

మొగుళ్లపల్లికి కూతవేటు దూరంలో ఉన్న ఆ ఊళ్లో పత్తి పెట్టేముందు ఒక పద్ధతుంది. రేగడి చేన్లన్నీ ఒకే వరుసగా ఉంటాయి. ఆ వరుసలో ముందుగా అచ్చు తోలి గింజలకు గీతలు గీసిన చేనులో, ఈశాన్యం మూలన, చెయ్యి మంచిదని పేరున్న ఆడమనిషి మొదటి గింజ పెట్టాలి. ఆ ఒక్క గింజ చేన్లన్నింటికీ లెక్క. ఆమె పెట్టాకే మిగతా ఆడవాళ్లు నడుం వంచుతారు. ముందు రోజు ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలుస్తారు. పెట్టిన నాడు జాకెట్టు గుడ్డ, బెల్లం ముక్క ఇస్తారు. పత్తి ఏరే కాలానికి మొదటి ఒడి పత్తి ఆమెదే. ఇచ్చేది ఏపాటిదని కాదు. ఊరు ఊరంతా ఒక మనిషి చేతి వైపు చూస్తూ నిలబడే ఆ కాసేపు ఉంది చూడండి, అది దొరికిన మనిషి మళ్లీ వదులుకోలేదు.

మైసమ్మకు అది ఊరికే దొరకలేదు. ఆమె పుట్టింది జనగామ అవతల లింగాల ఘనపూర్ దగ్గర. అక్కడ బోరు వేస్తే దుమ్ము లేచేది. ఆమె కోడలై వచ్చిన ఏడే ఇక్కడా వానలు ఎగ్గొట్టాయి. అత్త నోరు ఊరుకుంటుందా? "కరువు పిల్లను తెచ్చుకుంటిమి" అని బావి దగ్గరా అంది, బంధువుల ముందూ అంది. మైసమ్మ బియ్యం ఏరుతూ విన్నది, గిన్నెలు తోముతూ విన్నది. తర్వాతి ఏడు మొదటి గింజ పెట్టే ముసలామె జ్వరంతో పడుకుంటే, వేరే గతి లేక, చేను గట్టు మీద ఊరికే నిలబడ్డ ఈ కొత్త కోడలి చేతిలో గింజ పెట్టారు. పుట్టింటి అలవాటు కొద్దీ మైసమ్మ తన పచ్చగాజు ముక్కొకటి విరిచి గింజ అడుగున వేసి మన్ను కప్పింది. ఆ ఏడు వాన పగబట్టినట్టు కురిసింది. పత్తి మోయలేక బండి ఇరుసులు మూలిగాయి. అత్త మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అప్పటినుంచి ఏటేటా ఆమే గాజు విరిచి మొదటి గింజ పెట్టింది, బొట్టుపెట్టె ఈ గడప దాటింది లేదు.

ఈ రోజు దాటిందంటే నిరుడు చేసిన చిన్న పొరపాటు వల్ల. మైసమ్మ మణికట్టు బెణికి పట్టీ కట్టుకొని ఉంటే, శ్రీలత చేనులో ఆ ఒక్కసారికి రాజీ పెట్టింది. పెట్టమని పంపింది మైసమ్మే. ఆ పంట చూసి శ్రీలత మొగుడు సంపత్ కొత్త బండి కొన్నాడు. ఇగ చెప్పేదేముంది!

ఆ రోజు మిర్గం, మృగశిర కార్తె మొదటి రోజు. మిర్గం నాడు చేపలు తినని ఇల్లు ఆ చుట్టుపక్కల ఉండదు. రెండు రోజుల కింద ఉరుములతో ఒక మంచి వాన పడి నేల పదును మీదుంది, తెల్లారితే గింజలు పెట్టాలి, ఇయ్యాల కొర్రమట్టలు తినాలి. మధ్యాహ్నానికి ఊరంతా సంచులు పట్టుకొని మొగుళ్లపల్లి సెంటర్‌కు పోయింది. మైసమ్మ పెనిమిటి పోశాలు "నువ్వు రావా?" అని అడిగాడు.

"తలకాయ గుంజుతుంది. నువ్వే తే. పోయినసారి లెక్క మెత్తటిది తేకు."

పోశాలు బండి మలుపు తిరగ్గానే తలనొప్పి పోయింది. డబ్బాలోంచి గింజలు కొన్ని కొంగున ముడేసుకొని, దొడ్డి దారిన చేన్లలోకి నడిచింది. దారిలో ఒక్క మనిషి ఎదురుకాలేదు. ఈ ఏడు ముందుగా అచ్చు తోలింది శ్రీలత చేనే. అది తెల్లటి ఎండలో అచ్చు గీతలతో పరిచిన చాపలా ఉంది. ఈశాన్యం మూలన, ఎద్దుల గుంటుక అందని చోట, గట్టును ఆనుకొని మైసమ్మ కూర్చుంది. వేలితో గుంట తీసింది. ఎడమ చేతి గాజొకటి రాయికి కొట్టి విరిచి, ముక్క అడుగున వేసి, దాని మీద గింజలు పెట్టి మన్ను కప్పి అరచేత్తో అదిమింది.

రేపు రాజీ పెట్టనీ. జాకెట్టు గుడ్డ తీసుకోనీ. మొదటి గింజ మాత్రం మైసమ్మది. పత్తి విరగబూస్తే అది ఎవరి చేతి గుణమో భూమికి తెలుసు, తనకు తెలుసు. అంతే చాలు అనుకుంది. ఇంటికొచ్చి చేపల పులుసు పెడితే పోశాలు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. యారాలికి కూడా ఒక గిన్నెడు పంపింది. అంత ఉదారంగా ఆమె చాలా కాలంగా లేదు.

తెల్లారి చేనులో ఆడవాళ్లంతా గుమిగూడారు. కొబ్బరికాయ కొట్టారు. రాజీ కొంగు నడుముకు చెక్కి వంగి గింజ పెట్టింది.  సన్నటి వేళ్లు, చక్కటి గోళ్లు. "చల్లని చెయ్యమ్మా" అని ఎవరో అన్నారు. నిన్నటి వరకైతే ఆ మాటకు మైసమ్మ కడుపు కాలిపోయేది. ఇప్పుడు మాత్రం వెనక వరుసలో నిలబడి పెదవులు బిగించుకొని నవ్వు దాచుకుంది.

గింజలు మొలిచాయి. మొలిచేవరకు అంతా బాగానే ఉంది. ఆ తర్వాత వాన మాట మరిచిపోయింది.

పొద్దున్నే మబ్బు కనిపించేది, పది గంటలకల్లా ఎవరో తుడిచేసినట్టు పోయేది. పడమటి గాలి రావాల్సిన కాలంలో పొడిగాలి దుమ్ము లేపింది. రెండాకుల మొలకలు తలలు వాల్చాయి. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు మోసి మొదళ్లలో పోశారు. రేగడి పగుళ్లిచ్చి ఆ నీళ్లను ఎక్కడికో మింగేసింది. వరుస పొడుగునా చేన్లు పండుటాకు రంగుకు తిరిగాయి.

వాన లేకపోతే మనుషులకు పని ఉండదు. పని లేకపోతే నోరు ఊరుకోదు. మొదట శ్రీలతే అంది, కిరాణా దుకాణం మెట్ల మీద కూర్చొని: "ఏమోనమ్మా, నిరుడు ఏదో కలిసొచ్చింది గని, చెయ్యి చూసి పిలువాల్సింది." నిరుడు కొత్త బండి కొన్న ఇంటి మనిషి అన్న మాట అది. పక్కనే ఉప్పు కొంటున్న మైసమ్మ "నేనేమన్న అంటినా? మీరే పిలిచిండ్రు" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం లేదు. ఆ ఒక్క మాట సాయంత్రానికి ఊరంతా తిరిగి పెద్దదై ఇల్లు చేరింది.

ఆ రోజు మైసమ్మకు హాయిగానే ఉంది. అబద్ధం ఎందుకు? కడుపులో చల్లగా ఉంది. మజ్జిగ తాగినా అంత చల్లన రాదు.

ఆ చల్లదనం ఎక్కువసేపు నిలవలేదు. రాత్రి అన్నం తింటూ పోశాలు "మన చేను కూడ పోయినట్టే" అన్నాడు. మైసమ్మ చేతిలో ముద్ద ఆగింది. ఆమె తన అరచేతిని చూసుకుంది. మొదటి గింజ పెట్టింది ఎవరు? రాజీ కాదు. తను. కుళ్లుతో పెట్టింది. దొంగలా పోయి పెట్టింది. మరి చేతి గుణమే పంటను తెస్తే, చేతి గుణమే పంటను చంపితే, చంపింది ఏ చెయ్యి? ఆ ముద్ద తిరిగి కంచంలోనే పెట్టేసింది.

ఊళ్లో మాత్రం ఎవరికీ ఈ సంశయం లేదు. రాజీని కూలికి పిలవడం మానేశారు. గుంపులో కలుపు తీయడానికి పోతే "నువ్వు మొలకల దిక్కు రాకమ్మా, ఇగ ఇంట్ల ఉండు" అని పంపించారు. ఒక ముసలామె అయితే వాకిట్లోకి వచ్చి మొహం మీదే అంది: "కరువు చెయ్యి."

మైసమ్మ ఆ మాట తన గడపలో కూర్చొని విన్నది. బియ్యం ఏరుతుంది. వేళ్లు ఆగాయి. పక్క గడపలో రాజీ లోపలికి పోయి తలుపు దగ్గరికేసుకుంది. ఎప్పుడూ మాట ముందుండే పిల్ల ఆ రోజునుంచి నోరు విప్పలేదు. సాయంత్రాలు చేతులు ఒళ్లో పెట్టుకొని వాటినే చూస్తూ కూర్చునేది. ఒకరోజు పసుపు పట్టించుకుంది. ఇంకోరోజు ఎవరో చెబితే పోయి వేపాకు నీళ్లతో కడుక్కొచ్చింది.

"అక్కా, నా చెయ్యే గిట్ల ఉండెనా?" అని అడిగింది చివరికి. "నాకు ఎర్కలేక పెట్టిన. నువ్వే పెట్టాల్సుండె. నువ్వు పెడ్తే గిట్లయితుండెనా?"

మైసమ్మ "ఏమోనే" అని లేచి పోయింది. పోయిందే కాని ఆ ప్రశ్న వెంటే వచ్చింది.

ఆ వారంలో రైతువేదికలో మీటింగు పెట్టారు. వ్యవసాయ విస్తరణాధికారి బుష్రా భూపాలపల్లి నుంచి స్కూటీ మీద వస్తుంది. చిన్న పిల్ల, తల మీది దుపట్టా జారకుండా పిన్ను పెట్టుకొని గబగబా మాట్లాడుతుంది. గోడ మీది పెద్ద టీవీలో దేశం బొమ్మ పెట్టింది. బొమ్మకు ఎడమ వైపు నీలం మీద తెల్లగా ఏదో సుడి తిరుగుతుంది.

"వాన ఎందుకు రాలేదంటే గిదిగో, దీని వల్ల" అంది ఆ సుడి మీద కర్ర పెట్టి. "ఇది అరేబియా సముద్రం. ఎండకాలం నేల జల్దీ కాగుతది, సముద్రం మెల్లగ కాగుతది. కాగిన నేల మీది గాలి పైకి లేస్తది. ఆ జాగ నింపనీకి సముద్రం మీది తడి గాలి ఇటు ఉరికొస్తది. ఆ తడే మన వాన. ఈసారి ఏమైందంటే, అక్కడ నీళ్లు ఎక్కువ కాగినయ్. కాగిన నీళ్ల మీద తుపాను లేసింది. చుట్టుపక్కల తడి గాలి మొత్తం తన దిక్కు గుంజుకుంటుంది. మన దిక్కు రావాల్సింది దాని చుట్టే తిరుగుతుంది."

"ఎక్కడి సముద్రం, ఎక్కడి మొగుళ్లపల్లి" అని సంపత్ నవ్వాడు.

"అన్నా, పెండ్లిలో బయట డీజే మొదలైతే లోపట పంతులు దగ్గర ఎవరన్న ఉంటరా? గట్లనే."

అందరూ నవ్వారు. పోశాలు నవ్వలేదు. "మరి ఆ వాన యాడ పడ్తది బిడ్డా?" అని అడిగాడు.

బుష్రా ఇంకో బొమ్మ పెట్టింది. అందులో రోడ్డు సగం కొరికేసినట్టుంది. ఇళ్ల గోడల్ని అలలు కొడుతున్నాయి. పడవలు ఇళ్ల మధ్యకు వచ్చి బోర్లా పడ్డాయి. "ఆ ఒడ్డు మీద పడ్తది. ఊర్లు ఖాళీ చేపిచ్చిండ్రు. ఒడ్డు కోసుకపోతుంది, ఉప్పునీళ్లు పొలాలల్లకు వచ్చినయ్. వాళ్లు పరేషాన్, మనం పరేషాన్. ఇంక దూరంగ, దేశం అవతల, ఇంకో పెద్ద సముద్రముంది. అది వేడెక్కిన ఏడు మన గాలులు మెత్తబడ్తయ్. ఈ ఏడు అది కూడ వేడెక్కుతుందంటున్నరు."

మైసమ్మ ఎప్పుడూ మీటింగుల్లో నోరెత్తదు. ఆ రోజు లేచి నిలబడింది. "అంటే మేడం... పెట్టిన చెయ్యిది ఏం లేదా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బుష్రా నవ్వలేదు. "లేదమ్మా. ఎవ్వరు పెట్టినా ఇదే అయితుండె."

మైసమ్మ గుండెల మీదినుంచి పెద్ద బరువు దిగింది. తను చంపలేదు. తన కుళ్లు మొలకల్ని కాల్చలేదు. కూర్చోబోయింది, కాని ఇంకో మాట నోట్లోనే ఉండిపోయింది, అది అడగకుండా ఉండలేకపోయింది. "మరి వానలు మంచిగ కొట్టిన ఏండ్లు?"

"అప్పుడు కూడ సముద్రమేనమ్మా. బంగాళాఖాతంల ఒకదాని వెనుక ఒకటి అల్పపీడనాలు వచ్చి ఉంటయ్. గవి ఇటు నడిచొస్తే మనకు పండుగే."

కూర్చున్నాక కూడా ఆమెకు కుర్చీలో ఉన్నట్టు అనిపించలేదు. కొత్త కోడలిగా గాజు విరిచిన ఏడు, బండి ఇరుసులు మూలిగిన ఏడు, అత్త నోరు మూయించిన ఏడు, అంతా ఆ నీళ్లదేనా? ఒక చేత్తో బరువు దించి ఇంకో చేత్తో ఉన్నదంతా లాక్కున్నట్టయింది. ఆమె సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. తాగడానికి కూడా పనికిరాని ఉప్పునీళ్లట. ఎక్కడో పడి ఉంటుందట. దానికి బొట్టు పెట్టి పిలిచేవాళ్లు లేరు, జాకెట్టు గుడ్డ ఇచ్చేవాళ్లు లేరు. ఆ నీళ్లు ఇన్నేళ్లు తన పేరు తింటున్నాయా, తనే వాటి పేరు తిన్నదా? ఇంటికి నడుస్తున్నంతసేపు రాజీ మీద కన్నా ఆ నీలం మీదే ఎక్కువ మండిపడింది.

మనసులో ఒక లెక్క మాత్రం తేలిపోయింది. చెయ్యే పంట తెస్తుందంటే ఈ ఏడు చేన్లు కాల్చింది తనే. సముద్రమే తెస్తుందంటే ఇన్నేళ్ల పేరు తనది కాదు. రెండింట్లో ఏది నిజమైనా రాజీ మీద పడ్డ మాట మాత్రం అబద్ధం. ఆ సంగతి తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతే నోరు మూసుకొని కూర్చుంది.

జూన్ ఆఖర్లో బుష్రా రైతుల వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టింది. పడమర తుపాను ఒడ్డు దాటి చల్లబడింది, తూర్పు సముద్రంలో అల్పపీడనం లేస్తుంది, నేల బాగా తడిస్తేనే మళ్లీ గింజలు పెట్టండి, తొందరపడొద్దు అని. అన్నట్టే మబ్బు ఈసారి తూర్పునుంచి వచ్చింది. రెండు రోజులు తెరిపి లేకుండా కొట్టింది. రేగడి పగుళ్లు మూసుకున్నాయి. మళ్లీ గుంటుకలు కట్టారు, మళ్లీ అచ్చు తోలారు.

శ్రీలత బొట్టుపెట్టె పట్టుకొని వచ్చింది. ఈసారి మొదటి గడప దగ్గరే ఆగింది.

"తప్పయింది అక్కా. నీ చెయ్యి ఉండంగ ఇంకో చెయ్యి ఎతుక్కున్నం. రేపు నువ్వే పెట్టాలె."

మిర్గం నాటినుంచి మైసమ్మ కోరుకున్నది ఇదే. మాటకు మాట ఇట్లాగే అనిపించుకోవాలని పొయ్యి ముందు కూర్చొని ఎన్నిసార్లు ఊహించుకుందో! నుదురు ముందుకు పెట్టింది. కుంకుమ చల్లగా తగిలింది. పక్క గడపలో రాజీ తన గింజల డబ్బా పట్టుకొని నిలబడి ఉంది.

"అక్కా, మా చేనుల కూడ నువ్వే పెట్టు" అని డబ్బా మైసమ్మ చేతిలో పెట్టింది. "నేను ముట్ట. రేపు గట్టు మీద నిలబడ్త, అంతే."

ఆ డబ్బా బరువేమీ లేదు. మైసమ్మకు చేతులు గుంజాయి.

తెల్లారి చేనులో ఆడవాళ్లంతా వచ్చారు. రాజీ అన్నట్టే దూరంగా గట్టు మీద నిలబడింది, చేతులు కొంగు కింద దాచుకొని. ఒకప్పుడు సరిగ్గా ఆ గట్టు మీదే ఇంకో కోడలు అట్లాగే నిలబడింది. కొబ్బరికాయ కొట్టారు. అందరి చూపూ మైసమ్మ చేతి మీదే. ఆ కాసేపు దొరికింది. దొరికినదాన్ని ఆమె రెండు ఊపిర్ల పాటు అట్లాగే ఉంచుకుంది. ఆ తర్వాత నోరు తెరిచింది.

"శ్రీలతా, చెయ్యిది ఏం లేదే. అంత సముద్రం చేసిందే. బుష్రా మేడం చెప్పలేదా?"

"చూసిన్రా, ఎంత పేరున్నా జర గర్వం లేదు" అంది శ్రీలత మిగతా వాళ్లతో. "గందుకే ఆమె చెయ్యి చల్లన."

"గట్లయితే రాజీని పిలువున్రి. ఆమె పెడ్తది."

 ఒకరిద్దరు దిక్కులు చూశారు. "ఎందుకక్కా మళ్ల," అంది శ్రీలత, గొంతు తగ్గించి, "ఒకసారి అయింది సాలదా."

నిజం చెబితే నమ్మరని మైసమ్మకు అప్పుడు అర్థమైంది. సముద్రం ఈ చేనుకు చాలా దూరం. వీళ్లకు తెలిసిన భాష ఒకటే, చెయ్యి. ఆమె గట్టు వారకు పోయి మోకాళ్ల మీద కూర్చుంది. ఎండిపోయిన నాలుగు మొలకలు అక్కడ ఇంకా పుల్లల్లా నిలబడి ఉన్నాయి. వాటి మొదట్లో తవ్వి, మన్ను దులిపి, పచ్చగాజు ముక్క తీసి అరచేతిలో పెట్టి అందరికీ చూపింది.

ఆ ఊళ్లో గింజ కింద గాజు వేసే మనిషి ఒక్కతే. చెప్పాల్సిన పని లేదు.

"మిర్గం నాడు మీరు చేపలకు పోయిండ్రు. నేను గిక్కడికొచ్చిన. రాజీ కంటె ముందుగల్ల నేను పెట్టిన. మొదటి గింజ నాది. కరువు చెయ్యి అనాల్నంటే నన్ను అనున్రి."

 శ్రీలత మొహం ఎర్రబడింది. "గిదేం పని అక్కా!" అని మాత్రం అనగలిగింది. రాజీ గట్టు దిగి వచ్చింది. గాజు ముక్క వైపు చూడలేదు, మైసమ్మ కళ్లలోకే చూసింది.

"పక్క గడపల కూసోని అన్ని దినాలు విన్నవు గద అక్కా?"

"విన్న."

"మంచిగనిపిచ్చిందా?"

అబద్ధం చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదు. మైసమ్మకు ఎందుకో ఓపిక లేకపోయింది.

"ముందుగల్ల అనిపిచ్చింది" అంది.

రాజీ కళ్లు నిండాయి. ఏడవలేదు. మైసమ్మ ఒడిలో ఉన్న తన గింజల డబ్బా లాక్కుంది. ఆ లాగడంలో మైసమ్మ వేళ్లు గీసుకున్నాయి. క్షమించానని అనలేదు, అనేటట్టు కూడా లేదు.

శ్రీలతకు అసలే పదును పోతుందన్న తొందర, దాని మీద ఈ రచ్చ. కొంగు నడుముకు చెక్కి గట్టిగా అంది: "ఇగ ఎవ్వల చెయ్యి వద్దు, ఎవ్వల పేరు వద్దు. అందరం వరుసకు నిలబడి ఒక్కసారే పెడుదాం. తర్వాత పడ్తే వాన, లేకపోతే లేదు."

అట్లా ఆ పద్ధతి ఒక్క మాటతో పోయింది. ఆడవాళ్లు అచ్చు గీతల మొదట్లో వరుసగా నిలబడ్డారు. మైసమ్మ చివరన నిలబడింది. పక్కకు రాజీ వచ్చింది, కావాలని కాదు, ఖాళీ అక్కడే ఉంది కాబట్టి. శ్రీలత "ఊ" అంది. అందరూ వంగారు.

అందరి గింజలూ ఒక్కసారే పడ్డాయని ఊరు ఇప్పటికీ అనుకుంటుంది. కాని జీవితమంతా చేతుల్నే చూసిన మనిషి కళ్లను మోసం చేయడం కష్టం. రాజీ వేళ్లు రెప్పపాటు ముందు మన్నును తాకాయి. అందరికన్నా ముందు, మైసమ్మ కన్నా ముందు. చక్కటి చెయ్యి, తొందర లేదు, తడబాటు లేదు. మైసమ్మ చూసింది. కడుపులో పాత మంట సన్నగా లేచింది.

 తన గింజ పెట్టి, మన్ను కప్పి, ముందుకు జరిగింది. తూర్పున ఇంకో మబ్బు నల్లగా కడుతుంది. ఈసారి కూడా ఎక్కడో నీళ్లు ఏదో చేసి వాన ఎగ్గొడితే, ఎవరి గింజ ముందు పడిందో చచ్చినా చెప్పకూడదని ఒట్టు పెట్టుకుంది. పంట విరగపండితే మాత్రం అందరి ముందు రాజీ పేరు చెప్పాలనుకుంది. అప్పుడు నిజంగా చెప్పబుద్ధవుతుందో లేదో, ఆ నమ్మకం మాత్రం ఆమెకు ఇంకా కుదరలేదు.